అడవి అంచున కత్తి: ఏ చట్టం చెల్లుతుంది?

చేతిలో కత్తితో తిరగడం నేరమా కాదా అన్నది మన దేశంలో గ్రామ పంచాయతీ తేల్చే సంగతి కాదు. పురపాలక సంఘం తేల్చేదీ కాదు. రాజ్యాంగం ఏడో షెడ్యూలులోని కేంద్ర జాబితాలో ఐదో అంశం ఆయుధాలు, తుపాకులు, మందుగుండు, పేలుడు పదార్థాలు. వీటి మీద చట్టం చేసే అధికారం పార్లమెంటుది. రాష్ట్ర జాబితాలో మొదటి రెండు అంశాలు శాంతిభద్రతలు, పోలీసు. కాబట్టి ఏది ఆయుధమో పార్లమెంటు చెబుతుంది, గొడవ జరగకుండా చూసే బాధ్యత రాష్ట్రం మోస్తుంది. పంచాయతీలకు పదకొండో షెడ్యూలు 29 అంశాలు చూపించింది. పురపాలక సంఘాలకు పన్నెండో షెడ్యూలు 18 అంశాలు చూపించింది. వాటిలో సంతలున్నాయి, చిన్నతరహా అటవీ ఉత్పత్తులున్నాయి, కబేళాలున్నాయి. ఆయుధాలు లేవు.

ఖమ్మం నుంచి పాల్వంచ, భద్రాచలం మీదుగా ఛత్తీస్‌గఢ్ సరిహద్దు దాకా పరుచుకున్న అడవి ప్రాంతంలో ఇది రోజూ ఎదురయ్యే విషయం. అక్కడ ఇనుప పదును లేకుండా పూట గడిచే ఇల్లు లేదు. కట్టెలకు గొడ్డలి కావాలి. కోతకు కొడవలి కావాలి. వెదురు నరకడానికీ, చీల్చి తడికెలూ బుట్టలూ అల్లడానికీ కత్తి కావాలి. తాటి కల్లయినా జీలుగు కల్లయినా గీయాలంటే సన్నటి పదునున్న గీత కత్తి కావాలి. దుంపలు తవ్వడానికి గునపం, పోడులో తుప్పలు కొట్టడానికి బరువైన కత్తి, తేనె పట్టు కోయడానికి మరో కత్తి. కోయలు, కొండరెడ్లు, ఛత్తీస్‌గఢ్ నుంచి వలస వచ్చిన గుత్తికోయలు, వీళ్ళందరి బతుకూ ఈ పనిముట్ల మీదే నడుస్తుంది. షెడ్యూల్డు తెగల జాబితాలో కోయల శాఖల మధ్య కమ్మర కోయలు అనే పేరు కూడా ఉంది. ఇనుము కాల్చి సాగగొట్టే పనే ఆ శాఖ వృత్తి. అడవిలో ఇనుప పనిముట్టుకు ఎంత చోటుందో చెప్పడానికి ఆ ఒక్క పేరు చాలు.

ఇంత అవసరమైన వస్తువు చట్టం కంటికి అన్నిచోట్లా ఒకేలా కనిపించదు. ఇంటి ముంగిట అది పనిముట్టు. రిజర్వు అడవిలో నేరంతో ముడిపడితే స్వాధీనం చేసుకోదగిన వస్తువు. అభయారణ్యం హద్దు దాటితే ఆయుధం. పట్టుకున్న మనిషి మారడు, పట్టుకున్న కత్తీ మారదు, కాలి కింద నేల మాత్రం మారుతుంది. ఆ హద్దులు గీసింది ఎవరు, ఏ చట్టం ఏ చట్టాన్ని దాటి చెల్లుతుంది అన్నదే ఇక్కడ చూడవలసినది.

మూలం 1959 నాటి ఆయుధాల చట్టం. అది 1962 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాడికో ఆత్మరక్షణకో ఆయుధంగా రూపొందించిన, లేదా అలా మలచుకున్న ఏ వస్తువైనా ఆయుధమేనని అందులోని నిర్వచనం అంటుంది. తుపాకులతో పాటు పదునైన ప్రాణాంతక ఆయుధాలు కూడా దాని కిందికి వస్తాయి. ఆ వెంటనే ఒక మినహాయింపు ఉంది. కేవలం ఇంటి అవసరాలకో వ్యవసాయానికో రూపొందించిన వస్తువులు, లాఠీ, మామూలు చేతికర్ర లాంటివి, ఆయుధాలు కావు. భద్రాచలం ఏజెన్సీలో వేల చేతుల్లో ఉన్న కొడవళ్ళకూ గొడ్డళ్ళకూ రక్షణ ఈ ఒక్క వాక్యమే. అది గిరిజనులకు ప్రత్యేకంగా ఇచ్చిన హక్కు కాదు. ఏ రైతుకైనా, ఏ గృహిణికైనా వర్తించే మాట.

ప్రత్యేక మినహాయింపులు పొందిన వాళ్ళూ దేశంలో ఉన్నారు. సిక్కులు కృపాణం ధరించడాన్ని రాజ్యాంగం 25వ అధికరణ వివరణలోనే మత స్వేచ్ఛలో భాగంగా గుర్తించింది. కర్ణాటకలోని కొడగు ప్రాంతపు కొడవలకు ఆయుధాల చట్టం 41వ సెక్షన్ కింద కొన్ని తుపాకుల లైసెన్సు విషయంలో మినహాయింపు ఉంది. కేంద్ర హోం శాఖ దాన్ని 2019లో మరో పదేళ్ళు పొడిగించింది. కోయల కత్తికి అలా పేరుపెట్టి ఇచ్చిన మినహాయింపు ఏదీ లేదు. వాళ్ళది పనిముట్టు కాబట్టి చట్టం వదిలేసింది, అంతే. పనిముట్టు కాదని ఎవరైనా అంటే ఆ రక్షణ అక్కడే ఆగిపోతుంది. అందుకే దాన్ని గట్టి రక్షణ అనుకోవడానికి లేదు.

పనిముట్టుకూ ఆయుధానికీ మధ్య గీత ఎక్కడుందో చెప్పడానికి ఆయుధాల నిబంధనలు కొలతలు పెట్టాయి. 1962 నిబంధనల్లోనూ, వాటి స్థానంలో వచ్చిన 2016 నిబంధనల్లోనూ మొదటి షెడ్యూలులోని ఐదో తరగతి తుపాకులు కాని ఆయుధాలది. ఖడ్గాలు, బాకులు, బాయినెట్లు, బల్లేలు, యుద్ధపు గొడ్డళ్ళు, కృపాణాలు, కుక్రీలు, ఇంకా 9 అంగుళాలకు మించిన పొడవో 2 అంగుళాలకు మించిన వెడల్పో ఉన్న కత్తులు అందులో ఉన్నాయి. ఇంటికీ, వ్యవసాయానికీ, విజ్ఞాన శాస్త్రానికీ, పరిశ్రమకూ రూపొందించినవి ఈ లెక్కలోకి రావు. తుప్పలు కొట్టే కత్తి 9 అంగుళాలు దాటడం మామూలే. అయినా అది సాగు పనికి చేసినది కాబట్టి ఈ తరగతిలో పడదు. కొలత ఒక్కటే చూసి నిర్ణయించడం కుదరదు. దేనికోసం చేశారన్నది ముందు చూడాలి. కమ్మరి కొలిమికీ ఇదే సూత్రం. కొడవలి చేసి సంతలో అమ్ముకోవడానికి ఎవరి లైసెన్సూ అక్కరలేదు. ఖడ్గమో బాకో చేసి అమ్మాలంటే ఆయుధాల చట్టం ఐదో సెక్షన్ కింద లైసెన్సు ఉండాలి.

ఆ చట్టంలో ఎక్కువమందికి తెలియని భాగం నాలుగో సెక్షన్. మినహాయింపు లేకపోతే తుపాకీ ఎక్కడ ఉన్నా లైసెన్సు తప్పనిసరి. కత్తి విషయంలో అలా కాదు. ఒక ప్రాంతంలో పరిస్థితులను బట్టి తుపాకులు కాని ఆయుధాలను కూడా అదుపు చేయడం ప్రజాహితానికి అవసరమని కేంద్ర ప్రభుత్వం భావిస్తే, గెజిట్‌లో నోటిఫికేషన్ ఇచ్చి, ఆ ప్రాంతంలో ఫలానా రకం ఆయుధం లైసెన్సు లేకుండా ఉంచుకోరాదని చెప్పవచ్చు. ఆ నోటిఫికేషన్ పరిధిలో, అందులో చెప్పిన రకం ఆయుధంతో పట్టుబడితేనే 25వ సెక్షన్ కింద ఏడాది నుంచి మూడేళ్ళ దాకా జైలుశిక్ష పడేది. ఢిల్లీలో 1980 నాటి నోటిఫికేషన్ ఇందుకు బాగా తెలిసిన ఉదాహరణ. బొత్తాం నొక్కితే తెరుచుకునే కత్తుల వంటివి 7.62 సెంటీమీటర్ల పొడవు, 1.72 సెంటీమీటర్ల వెడల్పు దాటితే అక్కడ నేరం. అందుకే ఢిల్లీ కోర్టుల్లో కత్తి కేసు వస్తే పోలీసులు కత్తిని కాగితం మీద పెట్టి చుట్టూ గీత గీసి, కొలతలు రాసి దాఖలు చేస్తారు. నోటిఫికేషన్ చూపించలేని చోట, కొలత సరిపోని చోట ఆ కేసు నిలబడదు. ఈ మెట్లన్నీ దాటకుండా, కత్తి దొరికింది కాబట్టి ఆయుధాల చట్టం కేసు అని రాసేస్తే అది చట్టం చెప్పిన పద్ధతి కాదు.

గోదావరికి ఈ దరికీ ఆ దరికీ ఒకే ఆయుధాల చట్టం వర్తించడం కూడా ఈ ప్రాంతానికి కొత్తే. 1860లో నిజాం గోదావరి ఎడమ గట్టు తాలూకాలను బ్రిటిషు వాళ్ళకు అప్పగించాడు. భద్రాచలం అలా బ్రిటిషు పాలనలోకి వెళ్ళి, మొదట సెంట్రల్ ప్రావిన్సెస్‌లో ఉండి, 1874లో మద్రాసు రాష్ట్రపు గోదావరి జిల్లాలో కలిసింది. కుడి గట్టున బూర్గంపాడు, పాల్వంచ నిజాం ఏలుబడిలోనే మిగిలాయి. 1878లో బ్రిటిషు ప్రభుత్వం తెచ్చిన ఆయుధాల చట్టం ఖడ్గాలు, బాకులు, బల్లేలతో పాటు విల్లంబులను కూడా పేరుపెట్టి ఆయుధాల జాబితాలో చేర్చింది. మరుసటి ఏడాదే రంప పితూరీ (తిరుగుబాటు) పుట్టి భద్రాచలం వైపు రేకపల్లి దాకా పాకింది. ఆ చట్టం బ్రిటిషు ఇండియాది. నిజాం రాజ్యంలో దాని మాట చెల్లదు. అంటే ఎడమ గట్టున ఆయుధంగా లెక్కకొచ్చే కోయవాని విల్లుకు, పడవెక్కి కుడి గట్టుకు చేరగానే ఆ చట్టంతో సంబంధం తెగిపోయేది. స్వతంత్ర భారతం చేసిన 1959 చట్టపు నిర్వచనంలో విల్లంబుల పేరు లేదు. ఆయుధ చట్టాల చరిత్రలో గిరిజనుడికి దక్కిన పెద్ద ఊరట ఇదేనని చెప్పుకోవచ్చు.

1953లో వరంగల్ నుంచి ఖమ్మం జిల్లా విడివడింది. 1959లో భద్రాచలం, నూగూరు తాలూకాలు తూర్పు గోదావరి నుంచి వచ్చి అందులో చేరాయి. గోదావరి రెండు గట్లూ ఒకే జిల్లా అయ్యాయి. 2014లో రాష్ట్ర విభజన జరిగి, ఆ వెంటనే వచ్చిన సవరణ చట్టంతో చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం, కుక్కునూరు, వేలేరుపాడు మండలాలు, బూర్గంపాడులో కొంత, భద్రాచలం రెవెన్యూ గ్రామం తప్ప ఆ మండలంలో మిగిలినది ఆంధ్రప్రదేశ్‌కు వెళ్ళాయి. 2016 అక్టోబరులో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఏర్పడింది. ఇవాళ భద్రాచలం పట్టణం పొలిమేర దాటితే ఎటపాక, అది వేరే రాష్ట్రం. తునికాకు కోతకు వెళ్ళేవాడు, పశువులు తోలుకెళ్ళేవాడు రోజుకు రెండు మూడుసార్లు రాష్ట్ర సరిహద్దు దాటుతుంటాడు.

ఆయుధాల చట్టానికి ఈ సరిహద్దుతో పని లేదు. అది కేంద్ర చట్టం కాబట్టి ఎటపాకలోనూ భద్రాచలంలోనూ అదే. అటవీ చట్టం సంగతి కొంచెం భిన్నం. 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టాన్నే విభజన తర్వాత తెలంగాణ తనకు అన్వయించుకుంది. మూలం ఒకటే అయినా అమలు చేసే శాఖలు రెండు, నిబంధనలు మార్చుకునే అధికారం రెండు ప్రభుత్వాలదీ. కత్తి పట్టుకున్న గిరిజనుడికి నిజంగా ఎదురయ్యేది ఎక్కువగా ఈ అటవీ చట్టమే, ఆయుధాల చట్టం కాదు.

ఆ చట్టంలోని 44వ సెక్షన్ ప్రకారం, అడవికి సంబంధించిన నేరం జరిగిందని నమ్మడానికి కారణం ఉంటే, కలపతో పాటు ఆ నేరానికి వాడిన పనిముట్లు, తాళ్ళు, గొలుసులు, పడవలు, బండ్లు, పశువులు స్వాధీనం చేసుకోవచ్చు. కత్తి ఉండటమే నేరమని ఇక్కడ ఎక్కడా లేదు. చెట్టు కొట్టడం నేరం. కొట్టిన గొడ్డలి ఆ నేరంతో పాటు పోతుంది. తేడా చిన్నదిగా కనిపించినా ముఖ్యమైనది. అడవి బాటన గొడ్డలి భుజాన వేసుకుని నడిచే మనిషి దగ్గర కొట్టిన కలపా లేక, కొట్టిన ఆనవాలూ లేకపోతే ఆ సెక్షన్ కింద గొడ్డలి లాక్కోవడానికి ఆధారం లేదు. లాక్కున్న గొడ్డలికి సంతలో కొత్తది కొనాలంటే కూలివాడికి ఎన్ని రోజుల కూలి పోతుందో లెక్క వేసుకుంటే, ఈ తేడా చిన్నదని ఎవరూ అనరు.

అభయారణ్యంలో పరిస్థితి పూర్తిగా తలకిందులు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 31వ సెక్షన్ ఒకే వాక్యంలో తేల్చేసింది. ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి, లేదా అధికారం పొందిన మరో అధికారి ముందుగా రాతపూర్వకంగా అనుమతి ఇస్తే తప్ప ఎవరూ ఆయుధంతో అభయారణ్యంలోకి ప్రవేశించకూడదు. ఈ చట్టంలో ఆయుధం అంటే ఏమిటో రెండో సెక్షన్ చెబుతుంది. విల్లంబులు, తుపాకులు, కొక్కేలు, కత్తులు, వలలు, విషం, ఉచ్చులు, బోనులు అన్నీ అందులో ఉన్నాయి. ఇంటి అవసరానికి, వ్యవసాయానికి అన్న మినహాయింపు లేదు. పొడవు కొలతలు లేవు. అక్షరాలా చూస్తే కూరగాయల కత్తి కూడా ఆయుధమే. 35వ సెక్షన్ ఈ నియమాన్ని జాతీయ ఉద్యానవనాలకు కూడా వర్తింపజేస్తుంది. ఉల్లంఘిస్తే మూడేళ్ళ దాకా జైలు, 2022 సవరణ తర్వాత లక్ష రూపాయల దాకా జరిమానా.

పాల్వంచ దగ్గరి కిన్నెరసాని అభయారణ్యం 1977 నుంచి ఉంది. విస్తీర్ణం సుమారు 635 చదరపు కిలోమీటర్లు. దాని లోపలా అంచునా కోయ గూడేలున్నాయి. గోదావరి దిగువన పాపికొండలు 1978లో అభయారణ్యమై, 2008లో సుమారు 1,012 చదరపు కిలోమీటర్ల జాతీయ ఉద్యానవనం అయ్యాయి. ఆ కొండల్లో కొండరెడ్ల ఇళ్ళు అభయారణ్యం అన్న మాట రాకముందు నుంచీ ఉన్నాయి. ఇంట్లో ఉన్న కత్తి ఆ ప్రకటనతో ఆయుధమైంది. ఇంటివాడు ఎక్కడికీ కదలలేదు, నియమమే వచ్చి గడప దగ్గర నిలిచింది. పులినీ దుప్పినీ కాపాడాలన్న ఉద్దేశంలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఉచ్చులు, కరెంటు తీగలు పెట్టే వేటగాళ్ళను ఆపడానికి ఇంత విశాలమైన నిర్వచనం కావాలన్న వాదనలో బలం ఉంది. కానీ వేటగాడి కత్తినీ, వంటింటి కత్తినీ, వెదురు నరికే కత్తినీ ఒకే మాటతో కట్టేయడం న్యాయం అనిపించుకోదు. అధికారి విచక్షణ మీద ఇంటింటి బతుకు ఆధారపడకూడదు.

ఆ లోటును కొంత పూడ్చినది 2006 నాటి అటవీ హక్కుల చట్టం. చిన్నతరహా అటవీ ఉత్పత్తులను సేకరించి, వాడుకుని, అమ్ముకునే యాజమాన్య హక్కును దాని మూడో సెక్షన్ ఇచ్చింది. వెదురు, తేనె, మైనం, లక్క, తునికాకు, మూలికలు, దుంపలు ఇవన్నీ ఆ ఉత్పత్తుల నిర్వచనంలో ఉన్నాయి. అమల్లో ఉన్న మరే చట్టంలో ఏమున్నా సరే ఈ హక్కులు చెల్లుతాయని నాలుగో సెక్షన్ మొదట్లోనే చెప్పింది. హక్కులు అభయారణ్యాల్లోనూ జాతీయ ఉద్యానవనాల్లోనూ గుర్తించవచ్చు. వెదురు మీద యాజమాన్యం ఇచ్చిన చట్టం వెదురు నరికే కత్తిని కాదనదు. గోళ్ళతో ఎవరూ వెదురు కోయలేరు. కాబట్టి హక్కు పత్రం చేతిలో ఉన్న మనిషి, హక్కు గుర్తించిన చోట, ఆ పనికి తగిన కత్తితో ఉండటం వన్యప్రాణి చట్టపు 31వ సెక్షన్ కింద నేరం కాదన్న వాదన బలమైనదే. అయితే కత్తి గురించి ఈ చట్టం విడమరిచి ఒక్క ముక్క చెప్పలేదు. చెప్పి ఉంటే అటవీ గార్డుకూ గిరిజనుడికీ దారి మధ్యలో తర్కం పెట్టుకునే అవసరం తప్పేది.

ఒక హద్దు మాత్రం ఆ చట్టం స్పష్టంగా గీసింది. అనాదిగా అనుభవిస్తున్న ఇతర హక్కులను గుర్తిస్తూనే, వేటాడే, ఉచ్చులు పన్నే సంప్రదాయ హక్కును మినహాయించింది. ఎండాకాలంలో కోయలు చేసుకునే భూమి పండుగలో మగవాళ్ళు విల్లంబులు, కత్తులు తీసుకుని కలిసి వేటకు వెళ్ళే ఆచారం ఉంది. ఆ ఆచారానికి గ్రామసభ ఎంత గౌరవం ఇచ్చినా, వేట జరిగితే వన్యప్రాణి చట్టం కింద నేరమే. ఆ నేరానికి వాడిన ఆయుధం 39వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ ఆస్తి అవుతుంది.

స్థానిక నిర్ణయానికీ పై చట్టానికీ మధ్య ఘర్షణ ఎంత తీవ్రంగా ఉండగలదో 2022 నవంబరులో చండ్రుగొండ మండలం చూపించింది. నవంబరు 22న బెండాలపాడు పంచాయతీ పరిధిలోని ఎర్రబోడు దగ్గర, అటవీ శాఖ మొక్కల తోట విషయంలో తలెత్తిన తగాదాలో, ఫారెస్ట్ రేంజ్ ఆఫీసర్ చలమల శ్రీనివాసరావును వేట కొడవళ్ళతో నరికి చంపారు. రాష్ట్రమంతా కదిలిపోయింది. విధి నిర్వహణలో ఉన్న అధికారి అలా చనిపోవడం ఎవరూ క్షమించలేని విషయం. అటవీ సిబ్బంది తమకు ఆత్మరక్షణకు తుపాకులు కావాలని అడిగారు. 2023లో కొత్తగూడెం కోర్టు ఇద్దరు నిందితులకు జీవిత ఖైదు విధించింది. ఆ శిక్ష పడింది హత్యకు.

హత్య జరిగిన కొద్ది రోజులకే బెండాలపాడు గ్రామసభ ఒక తీర్మానం చేసింది. మారణాయుధాలతో తిరుగుతూ భయపెడుతున్నారని, ఎర్రబోడు గుత్తికోయలను ఛత్తీస్‌గఢ్‌కు పంపేయాలని అందులో కోరింది. ఊళ్ళో భయం నిజమే, దుఃఖం నిజమే. ఆ తీర్మానానికి చట్టబలం మాత్రం లేదు. దేశంలో ఎక్కడికైనా వెళ్ళే, ఎక్కడైనా నివసించే స్వేచ్ఛను 19వ అధికరణ పౌరులందరికీ ఇచ్చింది. షెడ్యూల్డు తెగల ప్రయోజనాల కోసం దాని మీద సహేతుకమైన ఆంక్షలు పెట్టవచ్చు, కానీ అవి చట్టం ద్వారా రావాలి. గ్రామసభ తీర్మానం చట్టం కాదు. ఇద్దరు చేసిన నేరానికి గూడెం మొత్తాన్ని బాధ్యుల్ని చేయడం మన శిక్షాస్మృతికి తెలియని పద్ధతి. కత్తి ఎవరి చేతిలో నేరం చేసిందో ఆ చెయ్యే జవాబు చెప్పాలి.

గ్రామసభకు ఇంత తక్కువ బలమా అంటే, షెడ్యూల్డు ప్రాంతాల్లో అలా కాదు. పంచాయతీలను షెడ్యూల్డు ప్రాంతాలకు విస్తరిస్తూ 1996లో పార్లమెంటు చేసిన పెసా చట్టం, దాని కింద 2011లో వచ్చిన ఆంధ్రప్రదేశ్ నిబంధనలు గ్రామసభకు నిజమైన అధికారాలు ఇచ్చాయి. ఆచారాలనూ సాంస్కృతిక గుర్తింపునూ కాపాడుకోవడం, సంప్రదాయ పద్ధతిలో తగువులు తీర్చుకోవడం, సంతల నిర్వహణ, మత్తు పానీయాల మీద అదుపు వాటిలో కొన్ని. కల్లు, సారా ఉన్న చోట కత్తులు తీసుకురావద్దని పెద్దలు కట్టడి చేస్తే, అది మర్యాదగా, మాట మీద నిలిచే కట్టుబాటుగా పనిచేస్తుంది. ఎన్నో గూడేల్లో తగాదాలు ఆగేది పోలీసు భయంతో కాదు, పటేలు మాటతో. దానికి విలువ ఎక్కువే. అయితే కట్టుబాటు దాటినవాడికి జైలు వేయలేరు, కత్తిని శాశ్వతంగా లాక్కోలేరు. ఆ రెండింటికీ శాసనం కావాలి.

కేంద్ర చట్టాన్ని ఏజెన్సీలో మార్చగల మార్గం ఒకటి రాజ్యాంగంలోనే ఉంది. ఐదో షెడ్యూలు ఐదో పేరా ప్రకారం, పార్లమెంటు చట్టమైనా శాసనసభ చట్టమైనా షెడ్యూల్డు ప్రాంతానికి వర్తించదనో, ఫలానా మార్పులతో వర్తిస్తుందనో గవర్నరు నోటిఫికేషన్ ఇవ్వవచ్చు. వన్యప్రాణి చట్టపు 31వ సెక్షన్‌లో అభయారణ్యంలో నివసించే గిరిజనుల ఇంటి, సాగు పనిముట్లకు మినహాయింపు చేర్చాలంటే, పార్లమెంటు సవరణ కాకుండా దగ్గరి దారి ఇదే. దానికీ హద్దులున్నాయి. భద్రాచలం వంటి షెడ్యూల్డు ప్రాంతాల ఉపాధ్యాయ ఉద్యోగాలన్నీ స్థానిక గిరిజనులకే కేటాయించిన 2000 సంవత్సరపు ప్రభుత్వ ఉత్తర్వు కేసులో, 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఈ అధికారాన్ని పరిశీలించింది. చెబ్రోలు లీలాప్రసాదరావు కేసుగా పేరుపడిన ఆ తీర్పు ప్రకారం, ఈ పేరా కింద గవర్నరు ప్రాథమిక హక్కులను దాటిపోలేరు. ఉన్న చట్టాన్ని ఆపవచ్చు, మార్చవచ్చు. కొత్త చట్టం చేసినట్టు వాడుకోకూడదు. పనిముట్లకు మినహాయింపు ఆ హద్దుల్లో ఇమిడిపోయే మార్పే. అది అడగవలసిన విషయం, ఇవ్వదగిన విషయం.

పోలీసు తాత్కాలిక ఉత్తర్వులది వేరే దారి. శ్రీరామనవమి కల్యాణానికీ, ముక్కోటి ఏకాదశికీ భద్రాచలంలో లక్షల మంది గుమికూడుతారు. ఎన్నికలప్పుడో ఘర్షణలప్పుడో గుంపులుగా ఆయుధాలతో తిరగడం మీద నిషేధం వస్తుంది. ఇదివరకు క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 144వ సెక్షన్ కింద, 2024 జులై 1 నుంచి భారతీయ నాగరిక సురక్షా సంహిత 163వ సెక్షన్ కింద ఈ ఉత్తర్వులు ఇస్తారు. ఖమ్మంలో 2016లో పోలీసు కమిషనరేట్ వచ్చింది కాబట్టి అక్కడ కమిషనర్ ఇస్తారు; కమిషనరేట్ లేని కొత్తగూడెం జిల్లాలో కార్యనిర్వాహక మెజిస్ట్రేట్లు ఇస్తారు. ఉత్తర్వు గడువు రెండు నెలలు. రాష్ట్ర ప్రభుత్వం మరో ఆరు నెలలకు మించకుండా పొడిగించవచ్చు. శాంతియుతంగా, ఆయుధాలు లేకుండా సమావేశమయ్యే హక్కును రాజ్యాంగం ఇచ్చింది. ఆయుధాలతో గుమికూడే హక్కు ఎవరికీ ఇవ్వలేదు. కాబట్టి ఇలాంటి ఉత్తర్వులకు గట్టి పునాది ఉంది. అయినా కారణాలు రాయాలి, ఉత్తర్వు ప్రచురించాలి, పదేపదే అలవాటుగా ఇవ్వకూడదని 2020 జనవరిలో అనురాధా భసీన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. స్థానికంగా కత్తి మీద చెల్లే ఆంక్ష ఏదైనా ఉందంటే అది ఇదే, అదీ కొద్ది కాలానికి.

పైచట్టం ఊరి నియమాన్ని కొట్టేయడం ఇతర దేశాల్లో మరోలా నడిచింది. అమెరికాలో కత్తుల మీద నగరానికో నియమం ఉండేది. ఒక ఊళ్ళో చెల్లే కత్తి పక్క ఊళ్ళో నేరం. 2010లో అరిజోనా రాష్ట్రం, నగరాలు సొంతంగా కత్తుల నియమాలు చేయకుండా చట్టం తెచ్చింది. తెలుగువాళ్ళు ఎక్కువగా స్థిరపడిన టెక్సస్ 2015లో అదే దారి పట్టింది. 2017 సెప్టెంబరు 1 నుంచి అక్కడ పెద్దవాళ్ళు అయిదున్నర అంగుళాలు దాటిన కత్తి కూడా పట్టుకు తిరగవచ్చు. బడులు, ఆసుపత్రులు, ప్రార్థనా స్థలాలు లాంటి చోట్లకు మాత్రం తీసుకెళ్ళకూడదు. బ్రిటన్ అలా కాదు. 1988 నాటి చట్టం ప్రకారం 3 అంగుళాల లోపు మడత కత్తి తప్ప పదునైనదేదీ బహిరంగ స్థలంలో ఉండరాదు, వృత్తి, మతం, జాతీయ వేషధారణ లాంటి సరైన కారణం చూపిస్తే తప్ప. ఈ బ్రిటన్ చట్టంలో ఒక మంచి ఉంది. పని కోసం పట్టుకున్నానని చెప్పుకునే అవకాశం చట్టంలోనే రాసి ఉంది. మన వన్యప్రాణి చట్టపు 31వ సెక్షన్‌కు కావలసినది సరిగ్గా అలాంటి ఒక వాక్యం.

   

అలాంటి వాక్యం వచ్చేదాకా, అడవిలో కత్తితో పట్టుబడిన మనిషికి తెలిసి ఉండవలసినవి కొన్ని ఉన్నాయి. స్వాధీనం చేసుకున్న వస్తువుకు పంచనామా రాయాలి. ఏ చట్టం, ఏ సెక్షన్ అన్నది అందులో ఉండాలి. అటవీ చట్టం కింద పనిముట్టును జప్తు చేయాలంటే ముందు రాతపూర్వక నోటీసు ఇచ్చి, చెప్పుకోవడానికి అవకాశం ఇవ్వాలి. జప్తు ఉత్తర్వు మీద జిల్లా కోర్టుకు అప్పీలు ఉంది. ఆయుధాల చట్టం కింద కేసు అయితే నాలుగో సెక్షన్ నోటిఫికేషన్ ఏదని అడగవచ్చు. అభయారణ్యం అంటే దాని హద్దు ఎక్కడ మొదలవుతుందో చూపించమనవచ్చు. ఆ హద్దుల మీద పెట్టే బోర్డులు కోయ మాటలో కూడా ఉండటం న్యాయం. చదివి అర్థం చేసుకోలేని నియమాన్ని మీరారని పట్టుకోవడం ఎవరికీ గౌరవం కాదు. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం షెడ్యూల్డు తెగలవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. జిల్లా, మండల న్యాయసేవా సంస్థల్లో దరఖాస్తు చేసుకోవచ్చు, లేదా 15100 నంబరుకు ఫోన్ చేయవచ్చు.